కుడివైపు చివరి గడి

స్క్రీన్ మీద ఎర్ర గీతలు చూసి షైని టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

అల్వాల్‌లోని ట్రస్టు ఆఫీసులో ఆమెది కాపలా ఉద్యోగం. ట్రస్టుకు పదకొండు బడులున్నాయి. ఆ టీచర్ల ఆన్‌లైన్ ఖాతాలను ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి కదిలిస్తున్నారో కనిపెట్టుకుని ఉండాలి. అందుకోసం కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి వారమే అయింది. వేళ కాని వేళ ఖాతా కదిలితే అది ఎర్ర గీత చూపిస్తుంది.

లాల్‌గడి మలక్‌పేట్ బడిలో టీచర్లు ఐదింటికల్లా వెళ్లిపోతారు. ఆ తర్వాతే రోజూ స్టాఫ్‌రూమ్ కంప్యూటర్‌లో ఒక్కొక్కరి ఖాతాను ఎవరో ముట్టుకుంటున్నారు.

వాటిలో ఝాన్సీ టీచర్ ఖాతా కూడా ఉంది.

షైని ఆ గీత దగ్గర ఆగింది.

మూడో తరగతి నవ్యశ్రీ ఇంటి అడ్రసు ఆ బడి మొత్తంలో ఝాన్సీ ఖాతాలో మాత్రమే కనబడుతుంది. పాప తండ్రి ఒకసారి తాగొచ్చి తల్లి మీద కత్తి ఎత్తాడు. వాడికి అడ్రసు తెలియకూడదని కోర్టు చెప్పింది. ఇంకెవరికీ కనబడకుండా కట్టడి చేసింది షైనియే.

మర్నాడు సాయంత్రం ఆమె ట్రస్టు పెద్ద గిడియోన్ సారును వెంటబెట్టుకుని చెప్పాపెట్టకుండా బడికి వెళ్లింది.

కంప్యూటర్ ముందు అటెండర్ పర్వతాలు కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఏ ఊరో ఏమో ఎవరికీ తెలియదు, చేరి ఏడాది కూడా కాలేదు. ఒళ్లో నోటుబుక్కు, అందులో టీచర్ల పేర్లు, ఒక్కో పేరు ఎదుట టిక్కు.

"ఏం జేస్తున్నవ్ పర్వతాలు?" గిడియోన్ సారు అడిగాడు.

"మూస్తున్న సారు. టీచరమ్మలు తెరిసి ఇడిసిపెట్టి పోతున్నరు."

"నిన్నెవరు మూయమన్నరు?"

"ఎవ్వలు అనలే సారు."

"మరి గీ టిక్కులేంది?" షైని నోటుబుక్కు లాక్కుంది.

"ఒక్కటి గూడ మర్శిపోవద్దని, బిడ్డా."

ఫ్యాన్లు బంద్ చేసినట్టు ఖాతాలు బంద్ చేస్తాడట. షైనికి ఒళ్లు మండింది.

"ఝాన్సీ టీచర్ ఖాతాల ఏం జూసినవ్? ఎవరికోసం జూసినవ్?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. గిడియోన్ సారు వైపు చూసి మానుకున్నాడు.

ఉద్యోగం అక్కడికక్కడే పోయింది. ఆయన బతిమాలలేదు. తాళాల గుత్తి టేబుల్ మీద పెట్టి, నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు.

"నన్ను తీసేస్తే తీసేయున్రి. గీ పని మాత్రం దినాం ఎవలన్న జెయ్యాలె బిడ్డా. మర్శిపోకున్రి."

"పోతా పోతా మనకే పని జెప్తున్నడు," అని గిడియోన్ సారు కారులో నవ్వాడు. షైని కూడా నవ్వింది.

ఎర్ర గీతలు ఆగిపోయాయి. ఆఫీసులో అందరూ షైనిని మెచ్చుకున్నారు. ఆమె కాదనలేదు.

వారం తిరిగాక, శుక్రవారం సాయంత్రం ఐదూ పన్నెండుకు ఒక గీత మెరిసింది, దాంతోపాటు కట్టడి చేసిన అడ్రసు తెరిచారన్న హెచ్చరిక కూడా.

ఝాన్సీ టీచర్ ఖాతా. వెతికిన పేరు నవ్యశ్రీ. తెరిచింది ఇంటి అడ్రసు.

షైని ఝాన్సీకి ఫోన్ చేసింది.

"నేను గిప్పుడే బస్సెక్కిన మేడం."

"స్టాఫ్‌రూమ్‌ల ఎవరున్నరు?"

"ఎవరో పిల్ల అడ్మిషన్ కోసమని వచ్చిన్రు. హెడ్ మేడం వస్తది, కూసోన్రి అని చెప్పొచ్చిన."

"నీ ఖాతా మూసినవా?"



"యాదికి లేదు మేడం. మొన్నటిదాక దినాం పొద్దుగాల వచ్చేసరికి మూసే ఉంటుండె."

షైని పోలీసులకు ఫోన్ చేసింది. పాప తల్లికి చేస్తే ఎత్తలేదు. పాత జాబితా తెరిచింది. అందులో పేరు, టైము, ఎర్ర గీత మాత్రమే చూసేది. ఖాతాలో ఏం చేశారో చెప్పే కుడివైపు చివరి గడి స్క్రీన్‌లో పట్టదు, పక్కకు జరపాలి. ఇన్నాళ్లూ జరపలేదు.

జరిపింది. పర్వతాలు ముట్టుకున్న ప్రతి ఖాతా ఎదుటా ఒకటే మాట ఉంది, లాగౌట్ అని.

పాప ఇల్లున్న నాగారం ఆటోలో చేరేసరికి వీధి నిండా జనం. పాప తండ్రి పరమేష్‌ను పోలీసులు జీపు ఎక్కిస్తున్నారు. తల్లీ పాపా లోపల గడియ పెట్టుకుని ఉన్నారు, ఒంటి మీద గీత పడలేదు. గుమ్మం బయట నెత్తురు మడుగు. పక్కనే ఎవరినో పడుకోబెట్టి ముఖం మీద దుప్పటి కప్పారు.

"ఎవరు?" షైని అడిగింది.

"ఏమో అమ్మ. వారం సంది దినాం పాప బడి నుంచి వస్తుంటే ఎనకనే వచ్చి గా అరుగు మీద కూసుంటుండె," అంది పక్కింటి దుర్గాబాయి. "గాడు కత్తి పట్టుకొని ఉరికొస్తుంటే తలుపుకు అడ్డం నిలవడ్డడు. పొడిశినా జరగలే."

దుప్పటి పక్కన నోటుబుక్కు పడి ఉంది. టీచర్ల పేర్లు, టిక్కులు.

షైని దాన్ని చేతిలోకి తీసుకుంది. ఈ మనిషిని దొంగను చేసింది తనే. కాపలా మనిషిని తనే తీసేయించింది. కానీ ఏడాది నిండని అటెండరు, ఎవరి పిల్లకోసమో ఇలా ప్రాణం ఎందుకిచ్చాడో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

మర్నాడు స్టేషన్‌లో ఎస్సై ఆమె ముందుకు కాగితం జరిపాడు.

"చదువుకొని సంతకం పెట్టున్రి మేడం."

ఈసారి షైని ఒక్క గడి కూడా వదలకుండా చదివింది.

నిందితుడు పరమేష్, తండ్రి పేరు పర్వతాలు.