ఉతికిన గొంగడి

మూడేండ్ల నుంచి మా దొడ్లో గొర్రెలు ఎదకొస్తలేవు. పొట్టేలు వాసన ఇగ డబ్బాలే చల్లుతయి, కడుపు చేసేతందుకు సూది చాలని సర్కారోళ్లు ఊరూరా డబ్బాలు బిగించిండ్రు, పొట్టేళ్లన్నీ కోతకు పోయినయి. కొత్త పొట్టేలు వాసన తగిలితేనే గొర్రె కదులుతది. ఏండ్ల తరబడి అదే వాసనైతే మొగుని గురక లెక్కనే, ఎవరు పట్టించుకుంటరు?

ఫోన్లు చేసి చేసి నోరు నొచ్చినంక ఇయ్యాల డబ్బా ఆఫీసర్లొచ్చిండ్రు. మా ఆయన ఓదెలు గొంగడి పరిచి మర్యాదగ కూసోబెట్టిండు.

"అమ్మా, కొత్త వాసన తయారు చేయాలి. పాత పొట్టేలు పడుకున్న గుడ్డ ఏదైనా ఉందా? జిల్లా అంతా వెతికాం" అన్నరు.

"మీరు కూసున్నది అదే సారూ" అన్న. "మా ఆఖరి పొట్టేలు ఏడేండ్లు దాని మీదనే పన్నది. వాసన పోవద్దని పెట్టెల దాచిన. మీరొస్తుండ్రని పొద్దుగాల్నే సబ్బు పెట్టి ఉతికిండు, ఈ మహానుభావుడు."