గగ్గోలు పెట్టని కణాలు

సూక్ష్మక్రిమి చొరబడితే కణం గగ్గోలు పెడుతుంది. ఈ ల్యాబులో పెంచిన కణాలైతే ఆకుపచ్చగా మెరుస్తాయి కూడా. ఆ గగ్గోలును నొక్కేసే మందు కనిపెట్టానని ల్యాబు పెద్దాయనకు కాలు నేల మీద ఆనడం లేదు. మెరుపు కనబడాలంటే చీకటి కావాలి గనుక దీపాలార్పి కూర్చున్నాడు. ఫ్రీజరొక్కటే గుర్రుమంటోంది.

"సార్, వారం నుంచి ఆ మందు ఉత్త చేతులతో కలుపుతున్నారు. వేలికి గాజు గీరుకుంది కూడా. గ్లవ్స్ వేసుకోండి," అంది అసిస్టెంటు.

"గ్లవ్స్ మీలాంటి పిరికి సన్నాసులకమ్మా. నాది ముప్ఫై ఏళ్ల సర్వీసు."

క్రిములు ఎక్కించిన కణాల పళ్లెంలో మందు చుక్క పడగానే వెలుగులన్నీ ఆరిపోయాయి. లోపల క్రిములు మాత్రం హాయిగా పెరుగుతున్నాయి.

"చూశావా? ఒక్కటి నోరెత్తితే ఒట్టు!"

ఫ్రీజరు ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఏదో కుళ్లిన వాసన.

ఆమె టార్చి వేసింది. అతని వేలు నల్లబడి ఉంది. వాపు లేదు, ఎరుపు లేదు. నలుపు మణికట్టు దాటి చొక్కా చేతిలోకి పోయింది.

"నొప్పి లేదా సార్?"

"ఇసుమంత కూడా..." అని వెక్కిరింపుగా మొదలుపెట్టి ఆగిపోయాడు.

వేలిని గట్టిగా నొక్కుకున్నాడు. మళ్లీ నొక్కుకున్నాడు. కాస్త నొప్పి పుడితే బాగుండునని, బుద్ధెరిగాక మొదటిసారి, లోలోపల బతిమాలుకున్నాడు.