గెలిచి తీరాల్సిన ఆట

హబీబ్ దెబ్బకు తెల్ల బంతి సూటిగా బల్ల మూలనున్న పాకెట్ దాకా పోయింది. ఆ పక్కా ఈ పక్కా తల కొట్టుకుని, మళ్ళీ బయటికే వచ్చింది. నంద్యాలలో, బిలియర్డ్స్ లాంటి పూల్ ఆటలో హబీబ్‌ను ఓడించినవాడు ఇంతవరకూ లేడు. అలాంటివాడు ఆళ్లగడ్డలో ఒక రేకుల షెడ్డులో, నిలబడడానికే ఓపిక లేని కుర్రాడి ముందు నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు.

"ఇది రష్యా బల్ల అన్నా. ఎవురి మాటా వినదు," అన్నాడు క్రాంతి కుమార్ కుర్చీలోంచే నవ్వుతూ.

నిజమే. పూల్ బల్ల అయితే కన్నతల్లి లాంటిది. బంతి కాస్త దారి తప్పినా కడుపులో పెట్టుకుంటుంది. ఇక్కడ ఆడే బంతులన్నీ తెల్లవే, బంతి లావు, పాకెట్ ఇరుకు. రెంటికీ మధ్య గోరు పట్టేంత సందు. రష్యాలో డాక్టరు చదువుతూ ఈ ఆట మరిగిన క్రాంతి, జబ్బు చేసి చదువు మానుకుని వస్తూ బంతులూ స్టిక్కులూ తెచ్చుకున్నాడు. బల్ల మాత్రం ఇక్కడే చేయించాడు. దేవుడి విగ్రహాలు చెక్కే శిల్పులతో బండను అద్దంలా తీయించి, పైన పచ్చగుడ్డ పరిపించాడు.

మామూలుగా అయితే హబీబ్ ఒక ఆట పోతే పోనీ అనుకునేవాడే. ఈ రోజు ఓడడానికి వీల్లేదు. పొద్దున్నే క్రాంతి తల్లి మణెమ్మ బస్సెక్కి నంద్యాల వచ్చి, అతని పూల్ పార్లర్ గడపలో నిలబడి రెండు చేతులూ పట్టుకుంది. కొడుకు కడుపులో గడ్డ ఉందని, ఆపరేషన్ చేస్తే బతుకుతాడని, వాడు మొండికేసి కూర్చున్నాడని చెప్పింది. రష్యా ఆటలో ఎవరైనా తనను ఓడిస్తే ఆ రోజే ఆస్పత్రికి వస్తానని ఒట్టు వేశాడట.

"వాని ముందర ఆస్పత్రి మాట ఎత్తొద్దప్పా, కర్ర పారేసి లేస్తాడు. నువ్వు గెలువు, చాలు," అంది.

ఇదెంత పని అనుకుని బయల్దేరాడు హబీబ్. తాడిని తన్నేవాడి తల తన్నే బల్ల ఒకటి ఉంటుందని అతనికేం తెలుసు.

క్రాంతి స్టిక్కునే ఊతకర్ర చేసుకుని లేచాడు. ముంజేతుల మీద చర్మం తప్ప ఏమీ మిగల్లేదు. మెల్లగా, ఊదినట్టుగా కొట్టాడు. అతను కొట్టిన బంతి ఇంకొకదాన్ని తాకి, పక్కకు ఒరిగి, తానే పాకెట్లో పడింది.

"ఫౌల్," అన్నాడు హబీబ్ అలవాటు కొద్దీ.

"మీ నంద్యాలలో ఫౌల్. ఈడ కొట్టిన బంతి పడినా పాయింటే అన్నా."

హబీబ్ పళ్ళు బిగించాడు. ఇన్నాళ్ళూ నేర్చినదంతా మరిచిపోవాల్సి వచ్చింది. విసురు తగ్గించాడు. బల్ల అంచుకు తగిలించి తిప్పే దెబ్బలు మానేసి, సూటిగా పోయే బంతినే ఎంచుకున్నాడు. ఒకటి పడింది. కాసేపటికి మరొకటి. క్రాంతి గురి తప్పినప్పుడల్లా లోపల సంబరపడి, అంతలోనే సిగ్గుపడ్డాడు. అయినా కనికరించలేదు. క్రాంతి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటే, "నీ వంతే, ఆడు," అని తొందరపెట్టాడు. రోగిష్టివాణ్ణి అలా నిలబెట్టి ఆడిస్తుంటే గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. కానీ ఈ ఒక్క పూట తాను రాయి అయితే ఆ పిల్లాడు బతుకుతాడు.

ఎనిమిది బంతులు ముందు వేసినవాడిదే గెలుపు. చివరికి ఇద్దరికీ ఒక్కొక్కటే మిగిలింది. హబీబ్‌కు మంచి బంతి దొరికింది, పాకెట్‌కు తిన్నగా ఎదురుగా. పూల్ బల్ల మీద అయితే కళ్ళు మూసుకుని వేస్తాడు. అరచేతిని చొక్కాకు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి కొట్టాడు. బంతి పోయి పాకెట్ నోట్లో ఇరుక్కుంది. లోపలికి పోలేదు, వెనక్కి రాలేదు.

క్రాంతి వచ్చి దాన్ని ఇంకో బంతితో సుతారంగా లోపలికి తోశాడు. తర్వాత కుర్చీలో కూలబడి రొప్పుతూ, ముఖమంతా వెలిగిపోతుంటే, "ఏం కొట్లాడితివన్నా. నాకు ఆకలైతాంది," అన్నాడు.

హబీబ్ స్టిక్కును గోడకు ఆనించాడు. బయటికి వచ్చేశాడు. వాకిట్లో మణెమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెను చూడగానే అతనికి ఏడుపు ఆగలేదు.

"ఓడిపోతినమ్మా. నా చేతగాలేదు. రేపు మళ్ళీ వస్తా. ఎట్లన్నా గెలిచి వాన్ని ఆస్పత్రికి తోలకపోదాం."

మణెమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంగ ఏ ఆపరేషనూ పనికిరాదని పోయిన వారమే ఇంటికి పంపిచ్చినారు నాయనా. ఒట్టూ లేదు, ఏమీ లేదు. నిజంగా ఆడే మనిషి ఒక్కడు కావల్లని కుమిల్తాండాడు వాడు. ఉన్నది చెప్పింటే, నువ్వు గూడా అందరి మాదిరే పాపమని కావాలనే ఓడిపోయింటావు."