గేటు ముందు గొయ్యి

జేసీబీ చప్పుడు విని రత్నమాల వంటింట్లోంచి వచ్చి గేటు తీసేసరికి, ముందు నేల లేదు.

నడుం లోతు గొయ్యి. అవతల ఎర్రమట్టి కుప్ప. మంచినీళ్ల పైపులకట. గల్లీ పొడుగునా తవ్వుకుంటూ పోతున్నారు. ఏ ఇంటికీ ముందు ఒక్క మాట చెప్పలేదు.

"గిప్పుడు నా ఆటో ఎట్ల బయటికి తియ్యాలె?" అని భర్త జలపతి అరిచాడు.

"రేపే పైపులేసి పూడుస్తం!" అని అటునుంచి ఎవరో జవాబిచ్చారు.

రేపు రాలేదు. తెలంగాణ కోసం సకలజనుల సమ్మె వచ్చింది.

బస్సులు ఆగాయి. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. పైపుల లారీ ఎక్కడో రాస్తారోకోలో చిక్కుకుందన్నారు. కూలీలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఆటో తీసే దారిలేక జలపతి కోరుట్ల చౌరస్తాలో ధర్నా టెంటు కింద కూర్చుంటున్నాడు.

రత్నమాల దిగులు వేరు. తొలికాన్పుకు వచ్చిన కూతురు అనూషకు నెలలు నిండాయి. పైగా ముసురు పట్టింది. గోతిలో నీళ్లు నిలిచాయి. మీద వేసిన చెక్క మీద తాను నడవడానికే ఆమెకు భయం.

ఒక పొద్దున గేటు బయట పార చప్పుడు వినిపించింది.

తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు మట్టి ఎత్తి గోతిలో పోస్తున్నాడు. ప్రహరీకి పాత సైకిలు ఆనించి ఉంది.

"ఇప్పుడు యాదికచ్చిందా మీకు?" అంది రత్నమాల.

"తప్పయిందమ్మా" అన్నాడాయన.

"నిన్నంటే ఏమొస్తది, కూలికచ్చినోనివి. గా కాంట్రాక్టర్ దొరకాలె నాకు! చెప్పకుండ ఇంటి ముంగట గొయ్యి తీసి పోతడా? వాణ్ని కన్నోళ్లు బుద్ధి చెప్పలేదా?"

ముసలాయన పార ఆపి ఊపిరి పీల్చుకున్నాడు.

"చెప్పే ఉంటరమ్మా. ఇన్నడో లేదో."

రత్నమాలకు నవ్వొచ్చింది. లోపలికి వెళ్లి చాయ్ తెచ్చి, చెక్క మీదుగా చెయ్యి చాపి అందించింది.

పేరు కొమురెల్లి అన్నాడు. ఊరు మేడిపల్లి. అంత దూరం నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు.

"నడుమ గేటు ఎడల్పు మందం పూడుస్తనమ్మా. పైపులేసేటప్పుడు మళ్ల తవ్వుకుంటరు. బిడ్డ నీళ్లాడే యాళ్లకు తొవ్వ ఉండాలె."

ఆయన పని చేస్తుంటే రత్నమాల అరుగు మీద కూర్చుని కాంట్రాక్టరును తిట్టేది. ఆయన ఊ కొట్టేవాడు.

"ఎండనక వాననక తిరుగుతడమ్మా. మతికి రాలేదేమో" అన్నాడు ఒకసారి.

"నువ్వు మంచోనివి కాబట్టి వాన్ని ఎన్కేసుకస్తున్నవ్. ఇగో, రొట్టె తిను. వానికి పెట్టను గని నీకు పెడ్త."

ఆయన మట్టి కుప్ప మీదే కూర్చుని, రొట్టెలోకి మామిడి తొక్కు నంజుకుని తిన్నాడు. బాగుందనలేదు. ఇంకొకటి అడిగాడు. రత్నమాలకు అదే బాగా నచ్చింది.

ఒక మధ్యాహ్నం అనూషకు నొప్పులు మొదలయ్యాయి.

టెంటు నుంచి జలపతి పరుగున వచ్చాడు. ఆటో గేటు దాటింది. పచ్చిమట్టిలో వెనక చక్రం కూరుకుపోయింది. అనూష కేక పెట్టింది. కొమురెల్లి పార విసిరేసి, తన తువ్వాలు చక్రం కింద తోసి, ఆటో వెనక భుజం పెట్టాడు.

"ఆపకు తమ్మీ! గుంజు!"

చక్రం బురద చిమ్ముతూ పైకి లేచింది. రత్నమాల వెనక్కి తిరిగి చూస్తే, నిలువెల్లా బురదతో ఆయన రోడ్డు మీద నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

చౌరస్తాలో నిరసనగా రోడ్డు మీద వంటలు చేస్తున్నవాళ్లు పొయ్యిలు పక్కకు జరిపి ఆటోకు దారిచ్చారు. దవాఖానకు చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది.

పసిగుడ్డుతో ఇంటికి వచ్చేసరికి కొమురెల్లి పక్కవాళ్ల గేటు ముందు ఉన్నాడు. ఆ తర్వాత ఆ పక్క గేటు. గల్లీ చివరి ఇంటిదాకా అలాగే పోయాడు.

"పిల్లకు ఇరవయ్యొక్క దినాల పండుగ చేస్తున్నం. నువ్వు రావాలె తాతా. నీకు కొత్త ధోతి తెచ్చి పెట్టిన" అంది రత్నమాల.

ఆయన పాప తల మీద చెయ్యి పెట్టబోయి, చేతికున్న మట్టి చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. నవ్వి సైకిలెక్కాడు.

ఇరవయ్యొకటో రోజు రాలేదు. మళ్లీ ఎన్నడూ ఆ గల్లీలో కనిపించలేదు.

సమ్మె ముగిశాక ఒక కుర్రాడు బండి మీద వచ్చి గేటు కొట్టాడు.

"అమ్మా, పైపులు అచ్చినయి. రేపు తవ్వుతం. ఆటో ఇయ్యాల్నే బయట పెట్టుకోండ్రి."

"కాంట్రాక్టర్ నువ్వేనా?"

"అవునమ్మా. ప్రకాశ్ నా పేరు."

ఎన్నాళ్లుగానో దాచుకున్న తిట్లు. పాప భుజం మీద నిద్రపోతోంది. రత్నమాల గొంతు తగ్గించింది.

"మీ కొమురెల్లి మొఖం చూసి నిన్ను ఇడిసిపెడుతున్న. ఏడి గాయన? ఒక్కసారి తోలియ్యి, ధోతి పెట్టిచ్చుకుంటడు."

"కొమురెల్లా? నేనెవ్వల్ని పెట్టలేదమ్మా. కూలోళ్లంత ఊర్లకు పోయిండ్రు."

"గదేంది! మేడిపల్లి నుంచి రోజు సైకిల్ మీద అచ్చేటోడు. గీ గేట్లన్ని ఆయనే పూడ్చిండు."

గల్లీ చివరిదాకా ఒక్కో గేటూ చూసుకుంటూ పోయాయి ప్రకాశ్ కళ్లు.

"ధర్నా టెంటుల కూసుంటున్న అని ఇంట్ల చెప్పి పోతుండెనమ్మా" అన్నాడు చివరికి. "అరచేతులు బొబ్బలెక్కినయేంది బాపూ అని నేనడిగితే, జై తెలంగాణ అనుకుంట సప్పట్లు కొట్టుడు ఎక్కువైంది కొడుకా, అన్నడు."