నక్కను పిలిచిన చోటు

మేకపిల్లలను నక్కలు ఎత్తుకుపోతున్నాయని రూతమ్మ కబురు పెడితే, మరిది ఎలియాజర్ సిటీ శివారు క్వేకర్స్ హిల్ నుంచి తుపాకీతో వచ్చాడు. చీకటి పడగానే ఆమె అతన్ని నేరుగా ఫారం వెనక, మేకలు నీళ్ళు తాగే చిన్న డ్యామ్ గట్టుకు తీసుకుపోయింది.

"ఇక్కడొద్దు వదినా. వేరే చోటు చూద్దాం."

"ఏం? గాలి మొహానికి కొడుతోంది, మన వాసన నక్కకి పోదు. వెనకాల గట్టు, ముందంతా ఖాళీ. ఇంతకంటే మంచి చోటు లేదని మీ అన్నయ్యతో నువ్వేగా అన్నావు."

ఎలియాజర్ గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. కిందటి చలికాలం ఇక్కడే అతని గుండు తగిలి ఆమె భర్త దైవసహాయం పోయాడు. అన్నయ్య చెప్పకుండా లేచి ఎదురుగా వెళ్ళాడని, చీకట్లో నక్క అనుకుని కాల్చానని ఎలియాజర్ చెప్పాడు. పోలీసులు నమ్మారు. చర్చిలో అందరూ నమ్మారు. రూతమ్మ ఒక్కతే ఆ మాటను మింగలేక, కక్కలేక ఉంది.

అతను నక్కను రప్పించే రేకు ఈల ఊదాడు. కాలు విరిగిన కుందేలు అరిచినట్టు సన్నగా, ఘోరంగా మోగింది. డ్యామ్‌లో కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఎదురుగా, ఎవరూ లేని గడ్డిలోంచి, గాలి ఒక మగమనిషి దగ్గును మోసుకొచ్చింది.

ఎలియాజర్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వదినా... ఆ రాత్రిలాగే దగ్గుతున్నాడు."

రూతమ్మ అతని వైపు తిరిగింది.

"దగ్గు విన్నాక కూడా నక్కే అనుకున్నావా, ఎలియాజరూ?"

గడ్డి ఇటుగా కదులుతోంది. ఆమె చెయ్యి విడిపించుకుని, అతని వేళ్ళ మధ్య నుంచి ఈల లాక్కుని, ఊపిరంతా పెట్టి ఊదింది.