అడాజన్ గోడమీద వరద గీత

"గీత ఆడ కాదు సార్. ఇంకో జానెడు మీదికుండాలె."

ఆ మాట అన్నది ఎర్రచొక్కా మనిషి. రామమోహనరావు మాట సగంలో ఆగిపోయింది.

ఆయన సూరత్ పక్కన హజీరాలో ఓ పెద్ద కంపెనీలో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. నెలకో ఆదివారం, సూరత్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లను మినీ బస్సులో ఎక్కించుకుని ఊరు చూపిస్తాడు.

రింగ్ రోడ్ చీరల మార్కెట్లు ఎవరైనా చూపిస్తారు. ఎవరూ చూపించనివి చూపించడం ఈయన సరదా. గుమ్మటాలు కట్టిన డచ్చి వర్తకుల సమాధులు, ఇప్పుడు నగరపాలక ఆఫీసైన మొఘలుల సరాయి, చలికాలం తాపీ నది ఒడ్డున కాల్చి అమ్మే లేతజొన్నల పోంక్. అన్నిటికన్నా చివర అడాజన్‌లో తను ఉండే అపార్ట్‌మెంట్ల సొసైటీ గోడ.

ఆ గోడమీద, మొదటి అంతస్తు కిటికీ కింద ఒక నీలం గీత ఉంటుంది. 2006 వరదలో నీళ్లు అక్కడిదాకా వచ్చాయి. నిరుడు గోడకు రంగులేసినప్పుడు పాత గీత పోతే, గుర్తున్నంతలో ఆయనే మళ్లీ గీయించాడు.

ఆ గీత దగ్గర ఆయన ప్రతిసారీ ఒక కథ చెబుతాడు.

వరదనాటికి కూతురు పురిటికి వచ్చి ఉంది. మనవరాలు రుచితకు నలభై రోజులు. తల్లికి జ్వరం, పాలు లేవు. డబ్బాపాలూ అయిపోయాయి. మూడోరోజు పొద్దున ఒకతను లారీ ట్యూబును తోసుకుంటూ ఈదుకొచ్చి, కిటికీ ఊచలు పట్టుకుని "బెహన్, దూధ్" అంటూ పాలప్యాకెట్లు అందించాడు. "భయ్యా, పానీ భీ" అంది ఆయన భార్య వెంకటసుబ్బమ్మ. అతను వెళ్లి నీళ్లూ తెచ్చాడు. వరద తీశాక మళ్లీ కనిపించలేదు.

అంత నీళ్లలో అలా ఈదగలిగితే తాపీ ఒడ్డు జాలరే అయి ఉంటాడని రామమోహనరావు తీర్మానించాడు. జాలర్ల వీధులన్నీ తిరిగాడు. గుజరాతీ పత్రికలో ప్రకటన కూడా ఇచ్చాడు. లాభం లేకపోయింది.

ఆ మనిషిని కూర్చోబెట్టి ఒక్క పూట తన చేత్తో అన్నం పెట్టాలని వెంకటసుబ్బమ్మ కోరిక. ఆమెకు డెబ్బై దాటాయి. అది తీరకుండానే పోతానేమోనని ఆమె బెంగ.

అందుకే ఆయన కథ చివర, మీకెక్కడైనా తెలిస్తే చెప్పండని అందరినీ అడుగుతాడు.

ఈ వేళ కథ మొదలుపెట్టకముందే ఎర్రచొక్కా అడ్డం వచ్చింది.

అతని పేరు సదానందం. మగ్గం కార్మికులుండే లింబాయత్‌లో కిరాణా కొట్టు గోడకు అంటించిన కాగితం చూసి వచ్చాడట. ముప్పై ఏళ్లుగా మగ్గాల మోతలో పనిచేయడం వల్ల వినికిడి తక్కువ, గొంతు ఎక్కువ. పోంక్ గురించి రామమోహనరావు గొప్పగా చెబుతుంటే, ఇది మా దిక్కు ఊసబియ్యమే కదా అని తేల్చేశాడు. అందరూ నవ్వారు, ఆయనకు తప్ప. పైగా సొసైటీకి ఎప్పుడు పోతామని పొద్దుటినుంచి మూడుసార్లు అడిగాడు. ఇంటికి పోయే తొందర కాబోలనుకున్నాడు ఆయన.

ఇప్పుడు గీత కూడా తప్పంటున్నాడు.

"చూడు బాబూ, ఆ మూడు రోజులూ నేను ఈ ఇంట్లోనే ఉన్నాను. నువ్వు నాకు చెప్పేదేమిటి?"

"అది గాదు సార్, నేను గూడ..."

"నువ్వు లింబాయత్‌లో మగ్గం దగ్గర ఉండి ఉంటావు."

ఎవరో కిసుక్కుమన్నారు. గోడవైపు చాచిన చేతిని సదానందం మెల్లగా దించేశాడు.

"అయ్యుండచ్చు సార్. ఏమనుకోకుండ్రి," అన్నాడు.

రామమోహనరావుకు మనసు విరిగిపోయింది. కథ చెప్పకుండానే కార్యక్రమం ముగించేశాడు. అందరూ బస్సెక్కుతున్నారు. సదానందం మాత్రం మొదటి అంతస్తు కిటికీకేసి కాసేపు చూసి, ఆయన దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"పాప మంచిగున్నదా సార్?"

మర్యాదకు అడిగిన మాటనుకున్నాడు ఆయన. "ఆఁ, బాగానే ఉంది," అన్నాడు పొడిగా.

సదానందం ముఖం విప్పారింది. ఇంకేమీ అనకుండా, డ్యూటీకి ఆలస్యమవుతోందంటూ బస్టాపువైపు నడిచాడు.

ఇంట్లో టీ తాగుతూ రామమోహనరావు భార్య దగ్గర తన గోడు వెళ్లబోసుకున్నాడు. మగ్గం పనివాడు తనకు వరద పాఠం చెప్పడమేమిటన్నాడు. అంతా చేసి, బస్టాపుకు పోతూ పోతూ పాప బాగుందా అని పరామర్శ కూడానట.

వెంకటసుబ్బమ్మ కప్పు కింద పెట్టింది.

"ఏ పాప?"

"అదే, మన..." అని ఆగిపోయాడు.

ఆ ఇంట్లో పసిపిల్ల ఉండి పందొమ్మిదేళ్లయింది. రుచిత ఇప్పుడు విశాఖలో ఇంజనీరింగు చదువుతోంది.

"ఈ వేళ మీరు ఆ కథ చెప్పారా?"

"లేదు."

ఆమె చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, రోడ్డు దాటి బస్టాపుదాకా ఆగలేదు. ఆయన వెనకాలే ఆయాసపడుతూ వచ్చాడు. బస్సు వెళ్లిపోయింది. ఫోను నంబరు తీసుకోలేదు. లింబాయత్ నిండా మగ్గాలే, సదానందాలు ఎందరో.

ఆమె ఏడుస్తోంది. తలెత్తి ఆమె ముఖం చూడలేక రామమోహనరావు సిగ్గుతో బస్టాపు బల్లమీద కూలబడ్డాడు.

పందొమ్మిదేళ్లుగా వాళ్లు గుజరాతీ జాలర్లలో వెతికిన మనిషి, కిటికీ అవతల వరదనీళ్లలో వేలాడుతూ వెంకటసుబ్బమ్మతో వచ్చీరాని హిందీలో మాట్లాడిన ఆ మనిషి, తెలుగువాడు.