డ్రమ్ము అడిగిన దుప్పటి

చలపతి జేబులో ఫోను మోగింది.

‘బాబాయ్, కెల్లర్ చల్లబడుతోంది. కిటికీ మూసి, డ్రమ్ముకి దుప్పటి కప్పు.’

చలపతి గొణుక్కుంటూ ఇంటికింది కెల్లర్ గదిలోకి దిగాడు. ఏళ్ళ తరబడి జర్మనీ హోటళ్ళలో పొయ్యిల్ని ఏలినవాడు. ఇప్పుడు ఒక డ్రమ్ముకి పాలేరు.

డ్రమ్ములో బీరు పులుస్తోంది. ఆ డ్రమ్మూ, గిన్నెలూ, పంపూ, వాటికి వైర్లతో తగిలించిన చిన్న పెట్టే అన్నీ విక్రాంత్‌వి. వరసకి అన్నకొడుకు. ఇంగోల్‌స్టాట్‌లో మాస్టర్స్ చదువుతూ చలపతి అద్దెకున్న ఇంట్లోనే ఒక గదిలో ఉండేవాడు. బీరు కాచడానికి సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకున్నాడు. ఎప్పుడు వేడెక్కాలో, ఎప్పుడు ఆగాలో అదే చూసుకుంటుంది.

గది ఖాళీ చేసిన రోజు, డ్రమ్ము మోసుకుపోయే దారి లేక, విక్రాంత్ చలపతి ఫోనులో దాని యాప్ ఎక్కించి పోయాడు.

“పులవడం అయ్యేదాకా ఉండనీ బాబాయ్. నీతో పనుంటే మెసేజ్ వస్తుంది. చెప్పింది చెయ్యి, చాలు.”

మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. వాటి పొగరు కూడా అచ్చం విక్రాంత్‌దే.

‘మూత తీసి చూడకు. చెడిపోతుంది.’

చలపతికి ఒళ్ళు మండి, మైకు నొక్కి మాట్లాడేవాడు. మాటలు అక్షరాలై యాప్‌లోకి పోయేవి. “నాకు చెప్తున్నావా? నిన్ను తయారుచేసినవాడు పుట్టకముందు నుంచీ ఇడ్లీ పిండి పులియబెడుతున్నా.”

‘ఇడ్లీ పిండికి నువ్వు. దీనికి నేను. సరేనా?’

చలపతికి నవ్వొచ్చేది. ఆ వెంటనే ఫోను బోర్లా పెట్టేసేవాడు.

విక్రాంత్ ఫోన్ చేస్తే మాత్రం ఎత్తడం లేదు. ఎత్తి ఏం మాట్లాడతాడు?

విక్రాంత్ ఇంకా ఇక్కడే ఉండగా ఒక రోజు స్నేహితులొచ్చారు. అంతా పెద్ద చదువుల, పెద్ద జీతాల బ్లూకార్డు బాబులు. బీరు కాస్తుండగా మధ్యలో పంపు ఆగిపోతే చలపతి చెయ్యి పెట్టబోయాడు.

“వద్దు బాబాయ్, అది సాఫ్ట్‌వేర్. నీకర్థం కాదు,” అన్నాడు విక్రాంత్, ఫోనులోంచి తలెత్తకుండా.

ఎవడో కిసుక్కున నవ్వాడు. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన చలపతికి ఆ నవ్వు కాగే నూనెలా చిట్లి మీద పడింది.

మర్నాడు పొద్దున్నే చెప్పేశాడు. “ఇంటావిడ గొడవ చేస్తోందిరా. ఇంట్లో నేనొక్కణ్ణే ఉండాలంట. వేరే గది చూసుకో.”

ఇంటావిడ ఏమీ అనలేదు.

ఇవాళ మధ్యాహ్నం విక్రాంత్‌తో చదివే రాజ్యశ్రీ చలపతి వంటచేసే హోటలుకొచ్చింది. “అంకుల్, విక్రాంత్‌కి ఇంకా గది దొరకలేదు. మ్యూనిక్‌లో ఎవరి సోఫా మీదో పడుకుని, ట్రైన్‌లో క్లాసుకొస్తున్నాడు. అడ్రస్ లేనిదే సిటీ ఆఫీసులో అన్‌మెల్డుంగ్ రిజిస్ట్రేషన్ కాదు, అది లేనిదే వీసా పొడిగించరు. వీసా ఆఫీసుకి రమ్మన్న టెర్మిన్ వచ్చే వారమే. మీ ఇంటావిడతో ఇంకోసారి మాట్లాడండి, ప్లీజ్.”

“వాడేమన్నాడు?”

“మిమ్మల్నేం అనట్లేదంకుల్. ఆవిణ్ణే తిట్టుకుంటున్నాడు.”

పెనం మీద రొట్టె మాడిపోయింది.

ఇప్పుడు చలపతి కిటికీ మూశాడు. డ్రమ్ముకి దుప్పటి కప్పాడు. దుప్పటి విక్రాంత్‌దే, మడతపెట్టి వదిలేసి పోయాడు. మూత మీది గొట్టంలోంచి బుడగలు ఒక్కటొక్కటే వస్తున్నాయి. ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది. చలపతి అక్కడే ఖాళీ సీసాల పెట్టె బోర్లించి కూలబడ్డాడు.

మనిషికి చెప్పలేడు. మిషన్‌కి చెబితే పోయేదేముంది? మైకు నొక్కాడు.

“ఒరేయ్ డ్రమ్మూ, ఒకటి చెప్తా. నీలోనే ఉంచుకో.”

‘చెప్పు బాబాయ్.’

“ఇంటావిడ ఏమీ అనలేదురా. ఆ మహాతల్లికి వాడంటే ముద్దు. నేనే అబద్ధమాడి వెళ్ళగొట్టా. పిల్లాడు అన్నది ఒక్క మాట. దానికి వాడి నెత్తిమీద నీడ లాగేశా. రమ్మందామంటే నోరు పెగలట్లేదు. వాడి గది ఖాళీగానే ఉంది. రోజూ గుమ్మం దాకా పోయి తిరిగొస్తున్నా.”

గొట్టంలోంచి బుడగలు వస్తూనే ఉన్నాయి. చలపతి మొహం తుడుచుకుని లేచాడు. మెట్లెక్కుతుంటే ఫోను మోగింది.

‘అన్‌మెల్డుంగ్ కాగితం మీద ఇంటావిడ చేత సంతకం పెట్టించి ఉంచు. ఆదివారం వస్తున్నా.’

చలపతి మెట్టు మీదే నిలబడిపోయాడు. వెనక్కి తిరిగి, దుప్పటి కప్పుకున్న డ్రమ్ము వైపు చూశాడు.

“ఎవరొచ్చేది? నీకు కాళ్ళున్నాయా?”

ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

‘బాబాయ్, ఆ సాఫ్ట్‌వేర్‌కి నేను వేడి చూసుకోవడం ఒక్కటే నేర్పా, మాట్లాడ్డం ఇంకా నేర్పలేదు.’